పదిహేడో మంచం

ఇంకా 48 రోజులు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇది ఇంజను పుస్తకం. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఇంజను తిరిగిన నిమిషాలు, మూడో గడిలో వివరాలు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మూడో గడిలో "బాగుంది" అన్న ఒక్క మాటే రాస్తూ వచ్చాను. బాగులేని రోజున కూడా ముందు అదే రాసి, ఆ తర్వాత బాగుచేసేవాణ్ణి. ఇవాళ గడి దాటి రాస్తున్నాను. విసుగనిపించినవాళ్ళు పేజీ తిప్పేసుకోవచ్చు.

పొద్దున మామూలు పనే. మా పాత విమానం తూనీగ. దాని ముక్కు పక్కనున్న గాలిగొట్టంలోకి పుల్ల పెట్టి చూశాను. కుమ్మరి పురుగు మళ్ళీ మట్టిగూడు కట్టింది. గోడలూ తలుపులూ ఇన్ని ఉండగా ఈ పురుగుకి విమానం గొట్టమే ఎందుకు నచ్చుతుందో ముప్ఫై ఏళ్ళయినా నాకు అర్థం కాలేదు. గొట్టం మూసుకుపోతే లోపల వేగం చూపించే ముల్లు అబద్ధం చెబుతుంది. దాన్ని నమ్మినవాడు తొందరగా నేలకి వస్తాడు. గూడు తీసేసి ఇంజను పదకొండు నిమిషాలు తిప్పాను. పదకొండే ఎందుకంటే, పదో నిమిషం దాకా దాని దగ్గు తగ్గదు.

టీకి వెళ్తూ నోటీసు బోర్డు చూశాను. ఈ ఏడాది చివరి రోజున రిటైరయ్యేవాళ్ళ జాబితా అంటించారు. ఇరవై ఆరు పేర్లు. అందులో మా అన్నయ్య ఒకడు. గౌరినాయుడు, పైలట్, పదిహేడో మంచం, వయసు అరవై ఐదు.

మా అన్నయ్యకి ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇంకా 47 రోజులు

నిన్న టీ తాగకుండానే వచ్చేశాను. ఇవాళ నెమ్మదిగా రాస్తాను.

మా వైమానిక దళానికి మూడు భాగాలు. మెలకువ దళంలో నలభై మంది. వాళ్ళు రోజూ ఎగురుతారు. నిద్ర దళంలో నలభై మంది. వాళ్ళు కొండ గుహలో చల్లటి మంచాల మీద వయసు పెరగకుండా పడుకుని ఉంటారు. ఇంటి దళంలో నలభై మంది. మేం ఊళ్ళో మా పనులు మేం చేసుకుంటూ, పిలిస్తే వెళ్తాం. ఒకడు ఒక దళం నుంచి లేస్తే పదిహేను రోజుల్లో ఇంకొకడు ఆ ఖాళీలో కూర్చోవాలి. లేదా పడుకోవాలి. ఈ నియమం పెట్టిన పెద్దలు బహుశా మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని తిన్నవాళ్ళు. ఒక రాయి దిగితే గంజి ఎటు ఒలుకుతుందో వాళ్ళకి తెలుసు.

అన్నయ్య పడుకుని ముప్ఫై ఏడేళ్ళయింది. అప్పట్లో ఎదుటి తీరంతో యుద్ధం వస్తుందన్నారు. కొత్తగా నేర్చుకున్న కుర్ర పైలట్లందరినీ ఒకే ఏడాది నిద్రకి పంపారు, యుద్ధం నాటికి తాజాగా ఉంటారని. యుద్ధం రాలేదు. వాళ్ళని లేపలేదు. పడుకునే ముందు అన్నయ్య అమ్మతో, నాతో ఒకటే చెప్పాడు: "ఎగిరే పనుంటేనే లెగపండి. ఊరికే లెగపకండి." అప్పటికి వాడు ఒంటరిగా ఎగిరింది పదకొండు గంటలు. సరిహద్దు గీత దాకా ఒక్కసారీ వెళ్ళలేదు.

నా సంగతి కూడా రాసేస్తే ఒక పని అయిపోతుంది. నా పేరు తవిటయ్య. అరవై మూడేళ్ళు. ఇంటి దళంలో మెకానిక్కుని. ఇంట్లో నేనొక్కణ్ణే. బడి ఐదో తరగతితో ఆగింది. మిగతా చదువు పాత ఇంజను పుస్తకాలూ, ఒక నిఘంటువూ చెప్పాయి. ఆ నిఘంటువులో "ప" నుంచి "భ" దాకా పేజీలు లేవు. చిన్నప్పుడు అన్నయ్య వాటితో గాలిపటాలు చేశాడు. అందుకని ఆ అక్షరాల మాటలన్నీ నాకు మనుషుల దగ్గర విన్నవే.

ఇంకా 45 రోజులు

దస్త్రాల గుమాస్తా జోగారావు దగ్గరికి వెళ్ళాను. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, నన్ను మావా అంటాడు. మంచివాడే. నియమం కనబడితే మాత్రం మనిషి కనబడడు.

"పుట్టినరోజే లెక్క మావా. పడుకున్న ఏళ్ళు తీసీమని ఎక్కడా రాయలేదు."

"పడుకున్నోడికి వయసొస్తదేటి?"

"ఒంటికి రాదు. కాగితానికి వస్తాది. నా దగ్గరున్నది కాగితమే కదా."

"మరి రిటైరైనోళ్ళని ఏటి సేస్తారు?"

"లెగిపి ఇంటికి పంపీడమే. రిటైరైన మనిషిని సర్కారు చలిలో ఉంచకూడదు."

"ఎగరనిస్తారా?"

"అరవై అయిదు నిండినోడిని ఎవడు ఎగరనిస్తాడు?"

ఒకేసారి ఇరవై ఆరు మంచాలు ఖాళీ అయితే ఎలా నింపుతారని అడిగాను. మెలకువ దళం నుంచి ఇరవై ఆరుగుర్ని పడుకోబెడతారట. మరి అక్కడి ఖాళీకో? ఇంటి దళం నుంచి ఇరవై ఆరుగురు పైకి వెళ్తారు. అంటే టీకొట్టు బంగారయ్య యుద్ధవిమానం ఎక్కుతాడు. జోగారావు నవ్వలేదు. జాబితాలో బంగారయ్య పేరు పక్కన అప్పటికే పెన్సిలుతో గీత గీసి ఉంది.

వస్తూ వస్తూ ఇంకో సంగతి అడిగాను. గుహలో వాళ్ళని వేడి చేస్తే ఒళ్ళు మేలుకుంటుంది గాని మనసు రాదు. ఎరిగిన గొంతు పిలవాలి. అందుకే ప్రతి మంచానికీ పిలిచే మనిషి ఒకరు కాగితంలో ఉంటారు. అన్నయ్యకి మొదట అమ్మ. అమ్మ పోయాక నేను.

"పిలిసేవోళ్ళు లేనోళ్ళు ఎంతమంది?"

"పదకొండుమంది," అన్నాడు. "ఆళ్ళది వేరే ఫైలు."

ఆ ఫైలు ఎక్కడుందో నేను అడగలేదు.

ఇంకా 39 రోజులు

సూర్యుడు రేగాడు, సౌర తుపానట. నాలుగు రోజులుగా రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

మెలకువ దళం విమానాల్ని డేగలంటారు. వాటిలో నడిపే కర్ర లేదు, పెడలు లేదు. పైనున్న ఉపగ్రహాలు దారి చెబుతాయి, పైలట్ కూర్చుని "సరే" అంటాడు. సూర్యుడు రేగితే పైనుంచి మాట రాదు. నలభై డేగలు షెడ్డుల్లో వరసగా నిలబడ్డాయి, పెళ్ళివారి కార్లలా, శుభ్రంగా.

ఇందులో చిక్కేమిటంటే ఎదుటి తీరంతో ఉన్న ఒడంబడిక. సముద్రం మీది గీత దగ్గర రోజుకొక్కసారి మన విమానం ఎదుటివాళ్ళ కంట పడాలి. పడని రోజుకి గీత మన వైపు ఒక మైలు జరుగుతుంది. యుద్ధం రాకపోవడానికి కారణం ఈ ఏర్పాటే. నాలుగు రోజులకి నాలుగు మైళ్ళు పోయాయి. ఆ నాలుగు మైళ్ళలో వంజరం చేపలకి వలలు వేసేవాళ్ళు నిన్న కలెక్టరాఫీసు ముందు ఖాళీ బుట్టలు బోర్లించి కూర్చున్నారు.

మధ్యాహ్నం మెలకువ దళం కమాండరు సుభాషిణి గారు నా షెడ్డుకి వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. ఆమె కళ్ళ కింద చూస్తే యాభై అనుకుంటారు. తూనీగ రెక్క మీద చెయ్యి పెట్టింది.

"ఇది పైనుంచి ఎవరూ చెప్పకుండానే ఎగురుతుంది కదా, తవిటయ్య గారూ?"

"ఎగురుద్ది మేడమ్. కర్ర పట్టుకునేవోళ్ళే లేరు."

ఇంటి దళంలో కర్ర పట్టడం తెలిసిన చివరి పైలట్ రాజమ్మ గారు. కంట్లో పొర వచ్చి నిరుడు దిగిపోయింది. డేగల పైలట్లని ఎక్కిస్తే రన్‌వే చివరిదాకా నడిపి "సరే" అంటూ కూర్చుంటారు.

"గుహలో ఉన్నోళ్ళు తూనీగ మీదే నేర్చుకున్నారు," అన్నాను.

ఆమె గుహ ఉన్న కొండవైపు చూసింది. తర్వాత జోగారావుని పిలిపించింది. ఒకణ్ణి లేపవచ్చు, కాని పదిహేను రోజుల్లో ఆ మంచం మీద ఇంకొకరు పడుకోవాలని అతను నియమం చదివాడు. లేకపోతే లేచినవాడు తిరిగి పడుకోవాలి.

"నా దగ్గర నుంచి ఒక్కరినీ ఇవ్వలేను," అంది కమాండరు. "సూర్యుడు సర్దుకున్న గంటలో అన్ని డేగలూ లేవాలి."

"నాను తొంగుంటాను," అన్నాను.

జోగారావు నియమాల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. పడుకునేవాడి వయసు ఇంతకి మించకూడదని ఎక్కడా లేదు. ముసలివాళ్ళు అడుగుతారని రాసినవాళ్ళకి తోచలేదు. ఇంటి దళంలో నా ఖాళీకి సాయంత్రానికల్లా దర్జీ సూరప్పడు సంతకం పెట్టేశాడు. అతనికి యూనిఫారం కుట్టడం ఎలాగూ వచ్చు.

డాక్టరు రెహానా గారు నా గుండె విని, అరవై దాటినవాళ్ళని ఇంతవరకూ ఎవరినీ పడుకోబెట్టలేదంది. లేస్తానా అని అడిగాను.

"చెప్పలేను," అంది.

చెప్పలేను అంటే లేవవని కాదు. నాకు ఇంజన్ల గురించి అలాంటి జవాబులు చెప్పే అలవాటు ఉంది.

ఇంకా 36 రోజులు

అన్నయ్యని లేపాం.

మూడు గంటలు వేడి చేశారు. పెదాలకి రంగు వచ్చింది. నాడి దొరికింది. డాక్టరు గడియారం చూసుకుని, "ఇరవై నిమిషాల్లో పలక్కపోతే మళ్ళీ చల్లబరచాలి. ఈ ఏడాదిలో రెండోసారి కుదరదు," అంది. కాగితంలో పిలిచే మాట అమ్మ చెప్పినట్టే రాసి ఉంది: "గౌరిగా, తెల్లారిపోనాది, లెగరా."

అన్నని పేరు పెట్టి, అదీ "గా" చేర్చి, నేను పుట్టాక ఎప్పుడూ పిలవలేదు. నోరు రాలేదు. గొణిగాను. డాక్టరు గట్టిగా అనమంది. గట్టిగా అన్నాను. ఏమీ లేదు. "అన్నయ్యా" అన్నాను. ఏమీ లేదు. తొమ్మిది నిమిషాలు మిగిలాయి. అమ్మ గొంతు నాకెక్కడ నుంచి వస్తుంది? నా గొంతు వాడెప్పుడు విన్నాడా అని ఆలోచించాను. వాడి వస్తువులు ముట్టుకున్నప్పుడు.

"అన్నయ్యా, నీ సైకిలు నాను అట్టుకెల్తన్నాను."

కనురెప్ప కదిలింది.

"ముందు చక్రం గాలి లేదు కూడాను. అలాగే తొక్కీస్తాను."

"రిమ్ము వంకర పోనాదంటే తంతాను," అన్నాడు అన్నయ్య, ముప్ఫై ఏడేళ్ళ తర్వాత.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "తాతా, తవిటిగాడేడీ? ఇప్పుడే ఇక్కడ అరిసినాడు."

"నానే."

 నా కనుబొమ మీద మచ్చ వెతుక్కున్నాడు. అది వాడు విసిరిన పలక వల్లే వచ్చింది.

"అమ్మేదిరా?"

"లేదు. పద్నాలుగేళ్ళయింది."

గోడవైపు తిరిగాడు. డాక్టరు తన కాగితంలో "కన్నీళ్ళు: మామూలే" అని రాసుకుంది. కాసేపటికి అటు తిరిగే అడిగాడు.

"యుద్ధమొచ్చిందా?"

"లేదు."

"మరెందుకు లెగిపినావు?"

"ఎగిరే పనుంది."

"అయితే సరే," అన్నాడు.

ఇంకా 34 రోజులు

నిన్నా ఇవాళా అన్నయ్య నడవడం, తినడం నేర్చుకున్నాడు. చారన్నం రెండు ముద్దలతో మొదలుపెట్టి ఇవాళ రాత్రికి వంకాయకూర దాకా వచ్చాడు. ఊళ్ళో నా పక్కన నడుస్తుంటే నా మనవడనుకున్నారు. నేను "అన్నయ్యా" అన్నప్పుడల్లా తిరిగి చూశారు. టీకొట్టు బంగారయ్య అయితే గ్లాసు ఇస్తూ, "ఏటి మావా, ముసలితనంలో కొత్త వరసలు కలుపుతన్నావు?" అన్నాడు.

"ఒరే బంగారిగా," అన్నాడు అన్నయ్య, "మీ నాన్న నాకు అప్పుడే ఇంతకన్నా చిక్కటి టీ ఇచ్చీవోడు."

బంగారయ్యకి యాభై రెండేళ్ళు. రెండో గ్లాసు చిక్కగా వచ్చింది.

రిటైర్మెంటు సంగతి నేనే చెప్పాను. ఇంకా ఎన్ని రోజులని అడిగాడు. చెప్పాను. ముప్ఫై నాలుగు సార్లు గీత దాకా వెళ్ళవచ్చని లెక్క వేసుకున్నాడు. రోజుకొక్కసారే వెళ్ళాలా అని అడిగాడు. మంచం సంగతి మాత్రం నేను చెప్పలేదు.

ఇంకా 32 రోజులు

ఎగిరాడు.

గీత అప్పటికి పదకొండు మైళ్ళు లోపలికి వచ్చింది. పొద్దున ఆరుంబావుకి గాల్లోకి లేచాడు. రేడియో పని చెయ్యదు కాబట్టి ఎదురుచూడడం తప్ప పని లేదు. కమాండరు రన్‌వే పక్కన నిలబడింది, నేను డ్రమ్ము మీద కూర్చున్నాను. ఇలాంటప్పుడు మనుషులు ఏదో ఒకటి మాట్లాడతారు. ఆమె వాళ్ళ ఊళ్ళో పనసకాయ ఎలా వండుతారో చెప్పింది. నేను కార్బ్యురేటరు గురించి చెప్పాను. ఒకరు చెప్పింది ఇంకొకరం వినలేదు.

రెండు గంటల పది నిమిషాల తర్వాత ఇంజను దగ్గు వినబడింది. తూనీగ నేలమీద రెండుసార్లు గెంతి ఆగింది. కమాండరు సెల్యూట్ కొట్టి "సర్" అంది. సర్వీసు నంబరు ప్రకారం వాడు ఆమెకి సీనియరు. వాడు సిగ్గుపడి టోపీ సర్దుకుంటే అది కింద పడింది.

"ఓడ మీద ఒకడు నన్ను చూసి జెండా ఊపినాడు," అన్నాడు నాతో. "ముసిలోడు. ఈ పాత ఇమానాన్ని చిన్నప్పుడు చూసుంటాడు. నువ్వా గెంతడం మాత్రం రాయకు."

రెండుసార్లు గెంతింది. ఎడమ చక్రం చూడాలి.

ఇంకా 25 రోజులు

వారం రోజులుగా గీత జరగలేదు. పోయిన పదకొండు మైళ్ళు రావు గాని, ఉన్నచోట ఉంది. సూర్యుణ్ణి చూసే శాస్త్రవేత్తలు ఇంకో నెల ఇలాగే అంటున్నారు. కమాండరు ఇంకా నలుగురు నిద్రవాళ్ళని లేపమని అడిగింది. వాళ్ళ బదులు పడుకునేవాళ్ళు దొరకలేదు. జాబితాలోని ఇరవై ఆరుగురి విషయంలో పైవాళ్ళు కమిటీ వేశారు. ఏడుగురు సభ్యులు. అందరూ మెలకువ మీదే ఉన్నారట.

ఇవాళ జోగారావు టీకొట్టు దగ్గర నోరు జారాడు. "నాలుగు రోజుల్లో పదిహేడో మంచం నింపీయాలి మావా, నీ సామాను సర్దుకో," అన్నాడు. అన్నయ్య పక్కనే ఉన్నాడు. గ్లాసు కింద పెట్టి షెడ్డు దాకా నడిచాడు. షెడ్డులోకి వచ్చాక తిరిగాడు.

"ఏట్రా ఇది?"

"ఏటుంది. ఒకడు లెగిస్తే ఒకడు తొంగోవాల."

"నాను పోయి తొంగుంటాను. ఎగిరినాను కదా. సాలు."

"నువ్వు తొంగుంటే గీతకాడికి ఎవుడెల్తాడు? సూరప్పడా?"

"డాక్టరేమన్నాది?"

"సెప్పలేనన్నాది."

"సెప్పలేనంటే?"

"సెప్పలేననే."

అటూ ఇటూ నడిచాడు. కోపం వస్తే వాడు చిన్నప్పటినుంచీ అంతే, ఏదో ఒకటి తన్నాలి. తూనీగ చక్రం తన్నబోయి ఆగాడు. "నాను పెద్దోణ్ణి. నాను సెప్పింది ఇనాల."

"ఎంత పెద్దోడివి?" అన్నాను. "కాగితం మీదా, ఒంటి మీదా?"

వాడు చక్రం పక్కనే చతికిలబడ్డాడు. కొంతసేపటికి, "నన్ను లెగపడానికి నువ్వున్నావు. నాను గీతకాడ పడిపోతే నిన్నెవుడు లెగుపుతాడు?" అన్నాడు.

అది నేనూ ఆలోచించాను. నా గొంతు ఎరిగినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. నేను ఎరిగిన గొంతులే తక్కువ. రోజంతా ఇంజను పక్కన ఉండేవాడికి మనుషుల గొంతులు సగమే వినబడతాయి.

"అందుకే నువ్వు పడిపోకూడదు," అన్నాను. "ఇలా రా. ఇంజను నేర్చుకో."

వాడు చేతులకి నూనె అంటించుకున్నవాడు కాదు. పైలట్లంటే అప్పట్లో అంతే. మొదటి ప్లగ్గు విప్పడానికి ముప్పావు గంట పట్టింది. నాలుగు బూతులు కొత్తవి విన్నాను. నా నిఘంటువులో పోయిన పేజీల్లోవి అనుకుంటాను.

ఇంకా 22 రోజులు

ఇవాళ ఇంజనంతా వాడే చూశాడు. నేను డ్రమ్ము మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇది చాలా కష్టమైన పని.

బయలుదేరబోతూ ఆగి, పుల్ల తీసుకుని గాలిగొట్టంలో పెట్టాడు. మట్టి రాలింది. పెద్ద గూడు. నేను చెప్పలేదు. మర్చిపోయాను. ముప్ఫై ఏళ్ళలో మర్చిపోయిన రోజు ఇదొక్కటే. వాడు పుల్ల చూపించి, "ముసిలోడివైపోనావురా," అన్నాడు.

రెండు గంటల ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. ఒక్కసారే గెంతింది.

ఇంకా 21 రోజులు

ఇవాళ పడుకోవాలి. అన్నయ్య పొద్దున్నే గీత దాకా వెళ్ళి వచ్చేశాడు. జెండా ఊపే ముసలివాడు ఇవాళ లేడట, ఇంకెవడో ఉన్నాడట.

అన్నయ్యా, ఈ పుస్తకం నీ దగ్గరే ఉంటుంది కాబట్టి నీకే రాస్తున్నాను. పదో నిమిషం దాకా దగ్గుతుంది, కంగారుపడకు. పదకొండులో కూడా దగ్గితే మాత్రం వెళ్ళకు. ఎడమ చక్రానికి నూనె ఎక్కువ రాయకు, జారుతుంది. వాన పడినా గొట్టంలో పుల్ల పెట్టు, ఆ పురుగుకి వాన లెక్క లేదు. మూడో గడిలో ముందు "బాగుంది" అని రాసి తర్వాత బాగుచేసే అలవాటు నాది. నువ్వు ముందు బాగుచెయ్యి. ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజున నీ ఉద్యోగం అయిపోతుంది. మర్నాడు పొద్దున గుహకి వచ్చి నన్ను పిలువు, ఈ మంచం నింపడానికి మళ్ళీ పదిహేను రోజుల గడువు ఉంటుంది. సైకిలు మన వంటగది వెనక గోడకి వేలాడుతోంది. రిమ్ము వంకర పోయింది. నేనే.

గుహలో రెహానా గారు మళ్ళీ గుండె విని కాగితంలో ఏదో రాసుకుంది. కమాండరు గారు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. జోగారావు ఫారం తెచ్చాడు. నా సంతకం అయ్యాక అన్నయ్యకి ఇచ్చాడు.

పిలిచే మనిషి: గౌరినాయుడు. వయసు: అరవై ఐదు. పడుకునేవారితో వరస: అన్న.

జోగారావు ఆ గడి చదివి, తలెత్తి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ చదివాడు.

చివరి గడి పిలిచే మాట. అన్నయ్య కాగితాన్ని మోచేత్తో కప్పుకుని రాశాడు, చిన్నప్పుడు పలక కప్పుకున్నట్టు. చాలా పొడుగ్గా రాశాడు. ఏం రాశావని అడిగాను.

"సెప్తే పని సెయ్యదు," అన్నాడు. "నీ నిఘంటువులో మిగిలిన పేజీలు జాగర్తగా ఉంటాయనుకోకు."

కళ్ళజోడు తీసి ఇవ్వాలట. ఈ రెండు ముక్కలూ రాశాక ఇస్తాను.

జోగారావు ఫారం మీద స్టాంపు వేశాడు. సరిగ్గా పడలేదని రెండోసారి వేశాడు.